చూసి నేర్చిన నోరు

శ్రావణ అమావాస్యని మనం పోలాల అమావాస్య అంటాం. కంద మొక్కకి పూజ చేసి, పిల్లలు చల్లగా ఉండాలని తోరం కట్టుకుంటాం. ఛత్తీస్‌గఢ్‌లో అదే రోజు పోరా పండగ. ఆ రోజు ఎద్దులకి పని చెప్పరు. కడిగి, కొమ్ములకి రంగులేసి, పూజ చేస్తారు. మగపిల్లల చేతికి చక్రాలున్న మట్టి ఎద్దు ఇస్తారు. ఆడపిల్లల చేతికి మట్టి తిరగలి, మట్టి పొయ్యి, బుల్లి కుండలు ఇస్తారు. మన లక్కపిడతల్లాంటివే, కాకపోతే మట్టివి.

ఈసారి పండగకి రెండు రోజుల ముందు విజయనగరంలో రైలెక్కి రాయపూర్‌లో దిగాను. మా మేనమామ అక్కడ స్థిరపడి యాభై ఏళ్లయింది. రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. ఆ షాపునీ, చుట్టూ ఉన్న కాలనీనీ ఊరంతా డబ్ల్యూఆర్‌ఎస్ అంటారు. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా పట్టాలు పూర్తయ్యాయి. అప్పటినుంచీ ఆ దారి ఉత్తరాంధ్ర మనుషుల్ని పనికి అటు మోస్తూనే ఉంది. నేను శ్రీకాకుళం జిల్లాలో చిన్న తరగతులకి టీచర్ని.

దిగిన మర్నాడు పొద్దున్న నెత్తి మీద గంపతో కూరలావిడ గేటు దగ్గర ఆగింది. అరవై దాటి ఉంటాయి. మామయ్య మనవడికి ఏడేళ్లు. వాడు పరిగెత్తుకెళ్లి, నడుము మీద చెయ్యి పెట్టి, "ఏ బాయీ! టమాటర్ కైసే? సహీ లగా!" అన్నాడు. ఆ గొంతు, చెయ్యి పెట్టిన తీరు, టమాటాని బొటనవేలితో నొక్కి మూతి విరవడం, అన్నీ మామయ్యవే. వెనక నించుని మామయ్య మురిసిపోతూ నవ్వారు. ఆవిడ పది రూపాయలు తగ్గించింది. అంతలో పై వాటాలో ఉండే బ్యాంకు మేనేజరు మెట్లు దిగి వచ్చాడు. వీడు నడుము మీది చెయ్యి తీసేసి, ఒద్దికగా, "నమస్తే అంకుల్‌జీ, ఆప్ కైసే హైఁ?" అన్నాడు.

కూరలావిడకి చులకన పిలుపు, మేనేజరుకి మర్యాద మాట, రెండూ ఒక్క నోటి నుంచే వచ్చాయి, అర నిమిషం తేడాలో. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నప్పుడు ఆ మాట నేనే ఎత్తాను.

నేను: మామయ్యా, ఆవిణ్ణి అలా పిలవమని వాడికి ఎవరు నేర్పారు?

మామయ్య: ఎవరూ నేర్పలేదు. చురుకైనోడు, పట్టేశాడు.

నేను: ఎవరి దగ్గర పట్టాడు?

మామయ్య: ఏటమ్మా, మామయ్యకే పాఠం మొదలెట్టావా? బజార్లో బేరం అలాగే ఆడతారు. వాడికి చెప్పాల్సినవి నేను చెప్తూనే ఉన్నాను. అబద్ధమాడకు, పెద్దాళ్లకి దండం పెట్టు, ఒకరి వస్తువు ముట్టుకోకు. రోజూ రాత్రి ఒక పద్యం అప్పచెప్పించుకుంటాను. మనిషి తయారయ్యేది చెప్తే, తల్లీ. చూసి ఆడేది కోతి.

నేను: పద్యం పది నిమిషాలు. మిగతా రోజంతా వాడు మిమ్మల్ని చూస్తూనే ఉంటాడు కదా. పద్యంలో పెద్దల్ని గౌరవించమని ఉంది. గేటు దగ్గర అరవయ్యేళ్ల మనిషిని మీరెలా పిలుస్తున్నారో వాడు రోజూ వింటున్నాడు. రెండిట్లో ఏది అంటుకుందో పొద్దున్న చూశాం.

మామయ్య: అంటుకుంటే అంటుకుంది. పెద్దయ్యాక బుద్ధి వస్తే అదే రాలిపోతుంది.

నేను: రాలదు మామయ్యా. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అని మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1961లో ఆయన అక్కడి నర్సరీ బడి పిల్లలు 72 మందితో ఒక ప్రయోగం చేశాడు. కొట్టినా మళ్లీ లేచి నించునే గాలి బొమ్మ ఒకటి పెట్టాడు. కొందరు పిల్లల ముందు ఒక పెద్దమనిషి ఆ బొమ్మని సుత్తితో బాది, తన్ని, తిట్టాడు. ఇంకొందరి ముందు ఆ పెద్దమనిషి బొమ్మ జోలికే పోకుండా తన ఆట తను ఆడుకున్నాడు. మిగతావాళ్లకి ఏమీ చూపించలేదు. తర్వాత పిల్లల్ని బొమ్మలున్న గదిలో వదిలితే, బాదడం చూసిన పిల్లలే ఎక్కువగా బాదారు. అవే దెబ్బలు, అవే తిట్లు. కొట్టమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

మామయ్య: కొడితే లేచే బొమ్మ ఎందుకు చేస్తారు? కొట్టడానికే కదా! దాన్ని కొడితే పిల్లలు చెడిపోయినట్టా? అదే పిల్లలు పక్కపిల్లాణ్ణి కొట్టారా?

ఈ ప్రశ్న మామయ్య ఏ పుస్తకంలోనూ చదివి వేసింది కాదు. బండూరా ప్రయోగాన్ని తప్పుపట్టిన పండితులు కూడా ఇదే అడిగారు. అందుకే దాటేయకుండా ఒప్పుకున్నాను.

నేను: నిజమే. ఆ ఒక్క ప్రయోగంతో అంత దూరం పోలేం. కానీ ఆయన 1965లో ఇంకోటి చేశాడు. నాకు అదే ముఖ్యం. బొమ్మని కొట్టిన మనిషికి ఒక సినిమాలో మెప్పు, బహుమతి దొరికాయి. ఇంకో సినిమాలో చివాట్లు పడ్డాయి. మూడోదాంట్లో ఏమీ జరగలేదు. చివాట్లు చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. ఇక్కడిదాకా మనకీ తెలిసిందే. తర్వాత పిల్లలందర్నీ పిలిచి, సినిమాలో ఏం చేశాడో చేసి చూపిస్తే పళ్లరసం, బొమ్మల స్టిక్కర్లు ఇస్తామన్నారు. చివాట్లు చూసిన పిల్లలు కూడా మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. అంటే అందరూ నేర్చుకున్నారు. లాభం కనబడేదాకా కొందరు లోపల దాచుకున్నారు, అంతే. పొద్దున్న వాడు పది రూపాయల లాభం చూశాడు, మీ నవ్వూ చూశాడు.

మామయ్య: (కాసేపు ఆగి) మాట బాగానే ఉంది. కానీ చూస్తే వచ్చేస్తుందన్నావు చూడు, అక్కడ నీకు తెలీని సంగతి ఉంది. నేను వెల్డింగ్ నేర్చుకున్న రోజుల్లో మిస్త్రీ మొదట చెప్పిన మాటేటో తెలుసా? చూడొద్దు అని.

నేను: చూడొద్దనా?

మామయ్య: ఆర్క్ వెలుగు కంటితో చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. కొత్తలో దొంగచాటుగా చూసి, బంగాళాదుంప చక్రాలు కళ్ల మీద పెట్టుకుని ఏడుస్తూ పడుకున్న రాత్రులున్నాయి. నల్లద్దం పెట్టుకుంటే మిస్త్రీ చెయ్యే కనబడదు. చీకట్లో కరిగిన ఇనుము బొట్టు ఒక్కటి ఎర్రగా కదుల్తుంటుంది, అంతే. ఆరు నెలలు నేను చెవితో నేర్చుకున్నాను. రాడ్ సరైన దూరంలో ఉంటే పోపు వేగుతున్నట్టు ఒకే తీరున చప్పుడొస్తుంది. దూరమైతే ఉఫ్ మని ఊదినట్టు. దగ్గరైతే అంటుకుపోతుంది. తర్వాత మిస్త్రీ నా మణికట్టు పట్టుకుని వంద సార్లు లాగించాడు. నాలుగొందల ప్లేట్లు పాడుచేశాక ఒక అతుకు నిలబడింది. ఏదీ, చూసి నేర్చుకున్నది ఎక్కడ?

నేను: మీరు చెప్పింది బండూరా సిద్ధాంతానికి అడ్డం కాదు, దాని లోపలే ఉంది. కంటబడితే చాలదనే ఆయన కూడా అన్నాడు. నాలుగు కావాలి. మనసు పెట్టడం ఒకటి. గుర్తుంచుకోవడం ఒకటి. అది చేయగలిగే ఒళ్లు, చేతులు ఉండడం ఒకటి. చెయ్యాలన్న కోరిక ఒకటి. మీరు చెవితో పట్టింది మొదటిది. నాలుగొందల ప్లేట్లు మూడోది. కానీ అడుగుతాను చెప్పండి. ఆరు నెలలు కళ్లు మండించుకుని అక్కడే ఎందుకు నిలబడ్డారు?

మామయ్య: మిస్త్రీ షెడ్డులోకి వస్తే ఇంజినీరు కూడా కుర్చీలోంచి లేచేవాడమ్మా. చదువు లేదు, అంగీ నిండా నిప్పురవ్వల చిల్లులు. అయినా లేచేవాడు. అది చూశాను.

ఆ మాట అన్నాక మామయ్య కాసేపు మాట్లాడలేదు. నాకు కావలసిన జవాబు ఆయనే ఇచ్చేశారని ఇద్దరికీ తెలిసింది. పిల్లలు ఎవర్ని బడితే వాళ్లని అనుకరించరు. ఎవరికి గౌరవం దక్కుతుందో, ఎవరి మాట చెల్లుతుందో వాళ్లనే అనుకరిస్తారు. అయితే మామయ్య అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు.

మామయ్య: సరే, ఇది చెప్పు. మా నాన్న గ్యాంగుమన్. సాయంత్రమైతే తాగి వచ్చేవాడు. మేం ముగ్గురన్నదమ్ములం, ఒక్క గదిలో, ఒక్క చాప మీద పడుకుని అదే చూశాం. మా పెద్దన్నయ్య తాగుడుకే పోయాడు. నేను జన్మలో ముట్టలేదు. ఇద్దరం చూసింది ఒకటే కదా. చూసిందే నేర్చుకుంటే నేనెందుకు తాగలేదు?

నేను: పెదమామయ్య నాన్నని చూశాడు. మీరు నాన్నతో పాటు అమ్మమ్మనీ చూశారు. తాగుడు తర్వాత ఇంట్లో జరిగేదంతా చూశారు. ఇంకొకరికి పడ్డ శిక్ష చూసి కూడా మనిషి నేర్చుకుంటాడు. పైగా పదహారో ఏటికే మీకు మిస్త్రీ దొరికాడు.

మామయ్య: అదంతా తర్వాత అల్లుకునే కథ. ఆ రోజు నేను మనసులో అనుకున్నాను, వద్దు అని. ఆ 'వద్దు' ఎవర్నీ చూసి రాలేదు.

నేను మళ్లీ వాదించలేదు. ఒకే ఇంట్లో ఒకే దృశ్యం చూసి ఒకడు తాగడమూ, ఇంకొకడు మానడమూ మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో లేదు? రెండు ఫలితాలకీ అదే కారణం చెప్తే అది కారణమెలా అవుతుందని మామయ్య అడిగినట్టే. ఆ పాయింటు ఆయనకే వదిలేశాను. మనవడూ, వాడి చెల్లెలూ వరండాలో సోఫా కింద దూరి ఏదో వెతుకుతున్నారు. మామయ్య ఉత్సాహం తెచ్చుకుని టీవీ సంగతి ఎత్తారు.

మామయ్య: నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఉపగ్రహం టీవీ వచ్చింది. 75వ సంవత్సరం. మా షాపులో ఖలాసీ ఒకడు మహాసముంద్ వైపు వాడు. వాడు తీసుకెళ్తే ఒక పల్లెలో చూశాను. కోళ్లకి కట్టే వల లాంటి దాంతో చేసిన పెద్ద గొడుగు, ఆకాశం వైపు తిప్పి పెట్టారు. ఊరంతా కింద కూర్చుని చూసేది. ఎరువు ఎలా వెయ్యాలో, పసిపిల్లకి ఏం పెట్టాలో చూపించేవారు. ప్రభుత్వం కూడా నీలాగే అనుకుంది, చూపిస్తే నేర్చుకుంటారని. నేర్చుకున్నారా?

నేను: సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం గురించి చెప్తున్నారు. అందులో రాయపూర్ జిల్లా కూడా ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సరిగ్గా ఏడాది నడిచింది. ఏటీఎస్-6 ఉపగ్రహం నాసా ఇచ్చింది, కింద పనంతా మన ఇస్రో చేసింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలు. మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తెలుగులో వచ్చేది. అంతకుముందు సినిమా కూడా చూడనివాళ్లు ఉన్న పల్లెలు అవి.

మామయ్య: అదే, ఏటి నేర్చుకున్నారు?

నేను: ఊళ్లకి వెళ్లి లెక్కలు తీసుకున్నారు. కొన్ని ఊళ్లలో పరిశోధకులు కాపురమే ఉన్నారు. ఆరోగ్యం, పోషకాహారం గురించి తెలిసినది పెరిగింది. అందులోనూ చదువురాని ఆడవాళ్లకి ఎక్కువ పెరిగింది. పిల్లల్లో భాష, తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగాయి. వ్యవసాయంలో చూపించిన కొత్త పద్ధతులు మాత్రం పొలాల్లోకి పెద్దగా పోలేదు. బడి మానేసే పిల్లల సంఖ్యా మారలేదు.

మామయ్య: చూశావా! చూపిస్తే చాలదు.

నేను: చాలదు. మంచి విత్తనం, నీళ్లు, చేతిలో డబ్బు లేనివాడికి టీవీలో రైతుని చూపిస్తే ఏం చేస్తాడు? ఇంతకుముందు చెప్పిన నాలుగిట్లో మూడోది లేదు. ఇంకోటి కూడా ఉంది. తెర మీద రైతు తనలాంటివాడు అనిపించాలి. ఢిల్లీవాడిలా ఉంటే, చూసి వినోదిస్తారు తప్ప చెయ్యరు. ఇదే ఛత్తీస్‌గఢ్‌లో 2002లో ఊరి ఆడవాళ్లే ఆరోగ్య కార్యకర్తలుగా మితానిన్ పథకం మొదలైంది. మితానిన్ అంటే స్నేహితురాలు కదా.

మామయ్య: స్నేహితురాలంటే మామూలు స్నేహం కాదు. దేవుడి ముందు ప్రమాణం చేసి కలుపుకునే నేస్తం. ఇక్కడ అది చుట్టరికం కన్నా గట్టిది.

నేను: ఆ పేరు పెట్టడంలోనే ఉంది తెలివంతా. ఏ పేట ఆడవాళ్లు ఆ పేటలోంచే ఒకామెని ఎంచుకున్నారు. బిడ్డ పుట్టగానే తల్లిపాలు పట్టమని గోడ మీద బొమ్మ చెప్తే వినని అత్తగారు, పక్కింటి మితానిన్ తన కోడలికి చేయించడం చూసి ఒప్పుకుంది. తర్వాత 2005లో దేశమంతా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి ఇది కూడా ఒక నమూనా.

మామయ్య: సరే, నీ మాటే తీసుకుందాం. తనలాంటివాళ్లనే చూసి నేర్చుకుంటారన్నావు. తీజన్ బాయిని చూసి చెప్పు అయితే. మన భిలాయి పక్కన గనియారిలో పుట్టింది, ఇక్కడికి గంట దారి. మహాభారత కథ పాడే పండవానీని ఆడవాళ్లు పాడకపోలేదు, పాడినా కూర్చుని పాడేవారు. లేచి నించుని, తంబూరా చేత్తో ఝళిపించి, అదే గద అని, అదే గాండీవం అని ఆడింది తీజనే మొదలు. ఎవర్ని చూసి లేచింది?

నేను: వాళ్ల అమ్మ తండ్రి బ్రిజ్‌లాల్ పార్ధీ. ఆయన మహాభారతం పాడుతుంటే వినీ వినీ చిన్నప్పుడే కంఠతా పట్టేసింది. పదమూడో ఏట చంద్రఖురీ అనే ఊళ్లో పది రూపాయలకి మొదటిసారి పాడింది.

మామయ్య: ఆ తాత మగవాడు. ఆవిడలాంటి ఆడవాళ్లంతా కూర్చుని ఉన్నారు. పాడుతోందని కులం వెలేసింది. నువ్వు చెప్పిన పళ్లరసం లేదు, ఆప్‌జీ అనేవాడు లేడు, చివాట్లే ఉన్నాయి. నీ లెక్క ప్రకారం ఆ పిల్ల నోరు మూసుకోవాలి. లేచి నిలబడింది. ఎందుకు?

దీనికి నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. ఆ రోజు మా ఇద్దరి వాదనలో అన్నిటికన్నా బలమైన మాట అదే అని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

నేను: పాటకి కావలసింది తాత దగ్గర నేర్చుకుంది, మామయ్యా. మాట, స్వరం. ఆయన్ని అనుకరించే హక్కు తనకీ ఉందని మాత్రం ఆవిడే అనుకుంది. అది ఎవరూ చూపించలేదు. అక్కడ మీదే పైచేయి. కానీ ఆవిడ లేచాక ఏమైందో చూడండి. 1987లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఉషా బార్లేకి 2023లో పద్మశ్రీ వచ్చింది. మొదటి మనిషి ఎవర్నీ చూడకుండా లేవచ్చు. రెండో పిల్ల లేవాలంటే మొదటిది కంటబడాలి. నేను రోజూ బడిలో చూసేది ఆ రెండో పిల్లనే.

మామయ్య: (నవ్వి) అదీ సంగతి. మొదటోళ్లు నావాళ్లు, రెండోవాళ్లు నీవాళ్లు.

నేను: మన ఇంట్లో ఉన్నవాళ్లు?

అప్పుడే సోఫా కిందనుంచి ఇద్దరూ బయటికొచ్చారు. గోల్‌బజార్ నుంచి మామయ్య ముందే తెచ్చి దాచిన పోరా బొమ్మలు దొరికాయి వాళ్లకి. కాగితం పొట్లం విప్పారు. మనవడికి ఎర్ర రంగేసిన మట్టి ఎద్దు, నాలుగు కాళ్లకీ చక్రాలు, ముక్కుకి తాడు. ఐదేళ్ల మనవరాలికి తిరగలి, పొయ్యి, మూడు కుండలు. పాప కుండలు పక్కన పెట్టి ఎద్దు తాడు పట్టుకుంది. వాడు వెంటనే నడుము మీద చెయ్యి పెట్టి, "ఏ బాయీ, నీది కాదు, ఇచ్చెయ్" అన్నాడు.

పొద్దున్న గేటు దగ్గర విన్న గొంతే. ఈసారి మామయ్య నవ్వలేదు.

మామయ్య: (చాలాసేపటికి) చెల్లెల్ని కూడానా?

నేను: కిందివాళ్లు ఎవరో వాడికి వాడే లెక్క కట్టుకున్నాడు. ఆ మాట ఎవరి మీద వాడితే మీరు ఊరుకుంటారో చూసి పెట్టుకున్నాడు.

మామయ్య: వాణ్ణి పిలిచి గట్టిగా చెప్తాను.

నేను: చెప్పండి. కానీ రేపు కూరలావిడ వచ్చినప్పుడు మీరేమని పిలుస్తారో వాడు వింటాడు. ఇక్కడివాళ్లు అమ్మని దాయి అంటారు కదా, పెద్దావిడని కూడా అలాగే పిలుస్తారు. ఆ ఒక్క మాట చాలు.

మామయ్య: యాభై ఏళ్లు తిరిగిన నోరమ్మా ఇది. నువ్వు చెప్పావని తిరుగుతుందా? నీ మాట ప్రకారమే, చెప్తే ఎవరూ మారరు కదా!

నేను: మీ మాట ప్రకారం మారతారు.

మామయ్య లేచి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు కూరలావిడ గేటు తట్టినప్పుడు మామయ్య పేపరు చదువుతున్నారు. బయటికి రాలేదు. "నువ్వు వెళ్లి తీసుకో అమ్మా, బేరం ఆడొద్దు" అన్నారు. మనవడు కూడా నా వెనకే వచ్చి, చేతులు వేలాడేసుకుని, నేనేమంటానో చూస్తూ నిలబడ్డాడు. నేను దాయీ అన్నాను. వాడు ఏమీ అనలేదు.

సాయంత్రం మామయ్య నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని గోల్‌బజార్ వెళ్లి ఇంకో మట్టి ఎద్దు కొన్నారు. ఎనభై రూపాయలు అయింది.